బహిరంగ స్థలములలో ఛాయాచిత్రములు: హక్కు, మర్యాద

గత సంవత్సరము మేము కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని రాజమహేంద్రవరము పుష్కరరేవునకు పోయితిమి. ఒక బాలుడు తన సెల్‌ఫోనుతో పాత రైలువంతెనను ఫొటో తీయుచుండెను. స్నానముచేసి తడిబట్టలతో మెట్లెక్కుచున్న యొక వృద్ధురాలు అది చూచి నిలిచి, "నన్నడక్కుండా నా బొమ్మెందుకు తీసేవు బాబూ?" అని యడిగెను. "ఇది అందరి రేవే కదా మామ్మగారూ!" అని బాలుడు బదులు చెప్పెను. ఇద్దరి మాటలయందును న్యాయమున్నట్లు తోచెను. వెంటనే తీర్పు చెప్పుటకు మాకు శక్యము కాలేదు. ఆ చిత్రమును తుడిపించి, తుడిచినట్లు ఆమెకు చూపించితిమి. పిమ్మట ఈ విషయమును గూర్చి చదివి తెలిసికొన్నదానిని మన పిల్లల నిమిత్తము వ్రాయుచున్నాము.

ముందుగా బాలుని పక్షము. మన దేశమున బహిరంగ స్థలములయందు ఫొటోలు తీయరాదను సామాన్య నిషేధము లేదు. రాజ్యాంగము 19వ అధికరణమున పౌరులకు భావప్రకటన స్వాతంత్ర్యము నొసంగినది. మాటతో చెప్పినట్లే చిత్రముతోను చెప్పవచ్చును. 1997లో రైళ్లు నిలిచిపోయిన హేవ్‌లాక్ వంతెనను రేవున నిలిచి యెవరైనను చిత్రింపవచ్చును. ధవళేశ్వరమునందలి కాటన్ దొర విగ్రహమువలె బహిరంగ స్థలమున శాశ్వతముగా నిలిపిన శిల్పములను ఫొటో తీయుట తప్పు కాదని 1957 నాటి కాపీరైటు చట్టమే చెప్పుచున్నది. సైనిక స్థావరములు మొదలగు నిషిద్ధ స్థలముల సంగతి వేరు. వానిని 1923 నాటి అధికార రహస్యముల చట్టము కాపాడుచున్నది.

ఈ స్వాతంత్ర్యము వేడుకకొరకు మాత్రమే కాదు. 2015 జూలై 14న, పుష్కరముల మొదటి దినమున, ఈ రేవునందే తొక్కిసలాట జరిగి 27 మంది మరణించిరి. అట్టి వేళ జనులెంత క్రిక్కిరిసియుండిరో, దారి యెంత యిరుకో చూపు చిత్రము లోకమునకు సాక్షి. కెమెరాను మూయించినచో, నోరులేనివారి కష్టమునకు సాక్ష్యము కొరవడును.

ఇక వృద్ధురాలి పక్షము. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. మనుష్యుడు నలుగురిలోనికి వచ్చినంతమాత్రమున గోప్యతను పోగొట్టుకొనడనియు, అది స్థలమును గాక మనుష్యుని అంటియుండుననియు వారిలో నలుగురు న్యాయమూర్తులు వ్రాసిరి. సమాచార సాంకేతిక చట్టము 66-ఇ సెక్షను ప్రకారము, అనుమతి లేక ఒకరి దేహమునందలి గోప్యభాగములను చిత్రించుట, వారు బహిరంగ స్థలమందున్నను సరే, నేరము. అందులకు 3 సంవత్సరముల వరకు ఖైదు గాని, 2 లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. స్త్రీలు బట్టలు మార్చుకొను గదులయందు దొంగచాటుగా చిత్రించువారిని 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహిత 77వ సెక్షను శిక్షించుచున్నది.

అయినను తడిచీరతో మెట్లెక్కు వృద్ధురాలి చిత్రమును గూర్చి ఏ సెక్షనును స్పష్టముగా చెప్పదు. చట్టము చేరని చోటికి మర్యాద చేరవలెను. తొక్కిసలాటనే తలంచుడు. క్రిక్కిరిసిన దారి చిత్రము మరల అట్టి కీడు రాకుండ కాపాడవచ్చును. మృతుని ముఖమును దగ్గరగా చూపు చిత్రము వాని బిడ్డలను ఏడ్పించును గాని యెవరిని కాపాడును? రెండును ఒకే రేవున, ఒకే గడియలో తీసినవే కావచ్చును. భేదము చిత్రించువాని ఉద్దేశమునందున్నది.

కావున, పిల్లలారా, మీట నొక్కుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ చిత్రమువలన నలుగురికి తెలియవలసినది తెలియునా? ఇందున్నవారి స్థానమున మా అమ్మ యున్నచో నేను దీనిని తీయుదునా? వారు వలదన్నచో తుడిచివేయుటకు సిద్ధముగా నున్నానా? తల్లిదండ్రులారా, పిల్లలకు ఫోను కొనియిచ్చునాడే ఈ ప్రశ్నలను కూడ నేర్పుడు.

2015 తరువాతి గోదావరి పుష్కరములు 2027వ సంవత్సరమునవి. రేవు అందరిదన్న బాలుని మాట నిజమే. అందరిది గనుకనే అందు ఆ మామ్మగారికిని సిగ్గుపడకుండ స్నానముచేసి పోవు హక్కు కలదు.