అరివు, ఆచారము, ఆకారము

శ్రీ గురు బసవలింగాయ నమః

లింగమనగా గుర్తు. వ్యాకరణమున ఆ శబ్దము స్త్రీపురుష భేదమును తెలుపును. వీరశైవుని చెవికి అదే శబ్దము వక్షమున ధరించు ఇష్టలింగమును స్ఫురింపజేయును. మొదటి గుర్తు జన్మతో దేహమునకు వచ్చినది. రెండవది దీక్షతో గురుహస్తమునుండి వచ్చినది. ఒక మనిషి ఎవరు అను ప్రశ్న కలిగినపుడు ఈ రెండింటిలో దేనిని ప్రమాణముగా గైకొనవలెను?

ఇది పండితుల వాదమునకు మాత్రమే పరిమితమైనది కాదు. మగపిల్లవాడుగా పెరిగిన బిడ్డ ఒకనాడు "నేను లోపల ఆడపిల్లను" అని తల్లితో చెప్పవచ్చును. ఆడపిల్లగా పెరిగిన బిడ్డ అందుకు విపర్యయముగా చెప్పవచ్చును. అట్టి బిడ్డను ఇల్లు వెడలగొట్టిన కుటుంబములు లోకమున కలవు. ధర్మమేమని పెద్దలు మఠమునకు వచ్చి అడిగినపుడు బసవతత్త్వము ఏమి చెప్పును? ఈ పాఠమున విచారింపదగినది అదియే.

1. ఊట, కాలువ

నల్లమల పాదమున, నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున మహానంది క్షేత్రము కలదు. ఆలయమున పుట్టిన ఊట పుష్కరిణిని నింపును. ఆ నీటి అడుగున పడిన నాణెము సైతము స్పష్టముగా కనబడును. అచటినుండి వెలువడిన నీరు కాలువలై పొలములను, అరటితోటలను తడుపును.

"బసవ" అనునది "వృషభ" శబ్దమునకు తద్భవము. బసవేశ్వరుడు నందీశ్వరుని అవతారమని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. అందుచే నవనందులలో ముఖ్యమైన ఈ క్షేత్రము వీరశైవులకు ప్రీతిపాత్రము. అయినను బసవతత్త్వము స్థావరము కడ ఆగునది కాదు. అది జంగమమును చూడుమనును. మహానంది నీరును అదే బోధించుచున్నది. ఊట గుడిలో నున్నది. దాని ఫలము పొలములో నున్నది. శరణులు ఊటను అరివు అనిరి, అనగా ఎరుక. కాలువను ఆచారమనిరి. ఊట లేని కాలువ ఎండిపోవును. కాలువకు పోని నీరు నాచు పట్టును.

ఎరుకకు ప్రమాణములు పెక్కు. శాస్త్రమున్నది, తర్కమున్నది, కంటితో చూచినదున్నది. శరణులు అనుభవమునకు అగ్రస్థానమిచ్చిరి. వారు కూడిన సభకే అనుభవమంటపమని పేరు. ఒకని అనుభవమునకు అతడే మొదటి సాక్షి. అయితే శరణులు అంతటితో ఆగక, అనుభవమునకు ఆచారమును ఒరగల్లుగా నిలిపిరి.

2. దీక్షకు స్త్రీపురుష భేదము లేదు

బాలబసవడు ఉపనయనమును నిరాకరించెను. తన అక్క నాగమ్మకు లేని సంస్కారము తనకేల యని అడిగెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ ప్రశ్నకు సమాధానమే ఇష్టలింగదీక్ష. స్త్రీకొక లింగము, పురుషునకొక లింగము లేదు. పంచసూతకములను వీరశైవము అంగీకరింపదు, వానిలో రజస్సూతకమొకటి. కావున ఆ దినములయందును స్త్రీ లింగపూజ మానవలసిన పని లేదు. దేహధర్మము లింగధర్మమునకు అడ్డు కాదని దీని భావము.

భక్తి మార్గమున భావములును దేహమునకు కట్టుబడి యుండవు. శివునకు తల్లి లేదని జాలిపడి తానే తల్లియైన బెజ్జమహాదేవి కథ బసవపురాణమున కలదు. లింగము పతి, శరణుడు సతి యను సిద్ధాంతమున మీసములు గల భక్తుడును తన్ను సతిగా భావించుకొనును. దీనిని విని నవ్విన వీరశైవుడు లేడు.

తత్త్వము ఇంత విశాలమైనను ఆచరణ వెనుకబడినదని ఒప్పుకొనవలెను. మాతె మహాదేవి జగద్గురుపీఠమును అధిష్ఠించినది 1970లో. అనగా బసవేశ్వరుని పిదప దాదాపు ఎనిమిది శతాబ్దములకు. ఊట ఉన్నంత మాత్రమున కాలువ తనంతట త్రవ్వబడదు.

3. అనుభవమంటపమున అడిగిన ప్రశ్న

12వ శతాబ్దమున ఉడుతడి నుండి అక్కమహాదేవి కల్యాణమునకు వచ్చెను. కౌశికుని సంపదను విడిచినది. వస్త్రమును సైతము విడిచి కేశములనే ఆచ్ఛాదనముగా చేసికొన్నది. సభాధ్యక్షుడైన అల్లమప్రభువు ఆమెను ప్రశ్నించిన ఘట్టము శూన్యసంపాదనెలో ప్రసిద్ధము. దేహాభిమానము పోయినచో కేశములతో దేహమును కప్పుట ఎందులకు? ఇది ఆయన ప్రశ్నకు సారము. ఆ కప్పుట తనకొరకు కాదు, చూచువారి మనస్సు చెదరకుండుటకే యని ఆమె సమాధానమునకు సారము.

ఇందు మూడు విషయములు గమనింపదగినవి. మొదటిది, సభ ఆమె చెప్పినది వినకముందు తీర్పు చెప్పలేదు. రెండవది, పరీక్ష ఆమె ఎరుక ఎంత పండినదన్న దానికే గాని, స్త్రీకి ఇచట చోటున్నదా అన్న దానికి కాదు. మూడవది, ఆమె సమాధానముతో ప్రశ్న చూచువారివైపు తిరిగినది. లోపము దేహమునందు లేదు, దృష్టియందున్నదని తేలినది. వయస్సున చిన్నదైన ఆమెను శరణులందరు "అక్క" యని పిలిచిరి. పిదప ఆమె శ్రీశైల కదళీవనమున ఐక్యము పొందినదని ప్రతీతి. మహానందిని కాచుచున్న నల్లమలయే ఆ కదళీవనమునకును ఆశ్రయము.

4. నేటి వాదము

వస్త్రమును బట్టి మనిషిని శిక్షించిన కాలము మన సమీపముననే గడచినది. కర్నూలు సీమకు ఆవలి గట్టున, నిజాము రాజ్యమున, 1329 ఫసలీ, అనగా 1919లో నపుంసకుల చట్టము వచ్చినది. హైదరాబాదు నగరమున హిజ్రాల పేర్లను పట్టికలో ఎక్కించుట, స్త్రీవేషమున బహిరంగముగా కనబడినవారిని వారంటు లేకయే నిర్బంధించుట దాని పద్ధతి. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో ఆ చట్టమును కొట్టివేసెను. అంతకు ముందే, 2014 ఏప్రిల్ 15న, తన లింగభావమును తాను నిర్ణయించుకొను హక్కు ప్రతి వ్యక్తికి కలదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

న్యాయస్థానము హక్కును చెప్పినది. ధర్మమును గూర్చిన ఆక్షేపణలు మిగిలియున్నవి. వానిలో రెండు ముఖ్యమైనవి.

మొదటి ఆక్షేపణ: ఆత్మకు స్త్రీత్వ పుంస్త్వములు లేవు కదా; అట్లయిన "నేను స్త్రీని" అని పట్టుబట్టుట దేహాభిమానము కాదా? ఇది అల్లముని ప్రశ్న వంటిదే. కాని అల్లముడు తాను దేహాభిమానమును గెలిచి అడిగెను. మీసము, పేరు, వరుస, పీటపై స్థానము వీనిలో ఏదియు విడువని గృహస్థు పదునారేండ్ల బిడ్డను మాత్రము అన్నియు విడువుమనుట న్యాయము కాదు. వ్యవహారమున నామరూపములు అందరికిని కావలెను. వైరాగ్యమును బలహీనునికి మాత్రమే విధించుట వైరాగ్యబోధ కాదు, దండనము.

రెండవ ఆక్షేపణ: అనుభవమే ప్రమాణమైనచో ఎవరేమి చెప్పినను నమ్మవలెనా? నమ్మనక్కరలేదు. "నేను గురువును" అన్నవానిని ఆచారముతో పరీక్షింపవలెను. ఏలయన ఆ మాట ఇతరులపై అధికారమును కోరును. "నాకు నొప్పిగా నున్నది" అన్నవానిని అట్లు పరీక్షింపలేము. దానికి సాక్షి లోపలివాడే. "నా లోపలి భావమిది" అను బిడ్డ మాట ఈ రెండవ జాతికి చేరును. చికిత్స, వివాహము వంటి విషయములలో తొందరపాటు లేక వైద్యులను, పెద్దలను సంప్రదించి విచారింపవలసినదే. అంతవరకు మాటను వినుటకు, అన్నము పెట్టుటకు ఏ విచారణయు అవసరము లేదు.

ఇక నీతి. బసవేశ్వరుడు బోధించిన సప్తశీలములు వీరశైవ బాలురందరికిని కంఠస్థములు. దొంగతనము, హింస, అసత్యము, కోపము, అన్యులయెడ ఏవగింపు, ఆత్మస్తుతి, పరనింద — వీనిని విడువుమని వాని సారము. వానిలో స్త్రీకి వేరు, పురుషునకు వేరు అని ఒక్కటియు లేదు. కావున ఈ బిడ్డ నీతి తప్పినదో లేదో ఆ ఏడింటితోనే కొలువవలెను, కట్టుబట్టతో కాదు. బిడ్డను చూచి ముఖము త్రిప్పుకొన్నవాడో, ఐదవ శీలమును అప్పుడే తప్పినవాడు.

5. ఒక జాగ్రత్త

సతిపతి భావము భక్తికి సంబంధించినది. నేటి బిడ్డ చెప్పునది నిత్యజీవనమునకు సంబంధించినది. రెండును ఒకటి కావు. శరణులు నేటి ప్రశ్నకు నాడే సమాధానము వ్రాసి యుంచిరనుట సరికాదు. వారు ఇచ్చినది విచారించు విధానము: ముందు వినుట, ఆచారముతో కొలుచుట, తన దృష్టిని తాను శోధించుకొనుట.

ఎట్లు పిలువవలెనను సందేహమునకు తెలుగుభాషయే ఒక త్రోవ చూపుచున్నది. "వచ్చినాడు", "వచ్చినది" అని ఏకవచనమున భేదమున్నది. "వచ్చినారు" అన్నపుడు స్త్రీలు, పురుషులు అందరును ఒక్కటే. పెద్దలను, జంగమమును గౌరవించుటకు మనము వాడునదియు ఆ రూపమే. దాసోహపు బంతిలో కూర్చున్నవారిని మఠము కులమడుగదు. ఆకారమును గూర్చియు అడుగకుండుట దానికి తగినది.

మననము చేయదగిన ప్రశ్నలు

1. లోపలి అనుభవమునకు ఎవరు సాక్షి? ఆచారము ఎట్టి మాటలకు ఒరగల్లు?

2. అక్కమహాదేవి సమాధానము చూచువారి బాధ్యతను ఎట్లు తెలుపుచున్నది?

3. సప్తశీలములలో ఐదవదానిని ఇంటిలో, బంధువులలో, మఠమున ఎట్లు పాటింపవలెను?

4. ఇంటి బిడ్డ భయపడక నిజము చెప్పగల స్థితి మన గృహమున ఉన్నదా?

శరణు శరణార్థి.