పేరు లేని బొమ్మ

పాఠ్యభాగ ఉద్దేశం

పాత స్లైడులు, ఫిలిం చుట్టలు శిథిలమయ్యే తీరునూ, వాటిని డిజిటల్ రూపంలోకి మార్చుకొనే పద్ధతినీ తెలపడం. కుటుంబ చరిత్రను కాపాడుకోవడంలో యువతరం బాధ్యతను గుర్తుచేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెనాలి, బాపట్ల, రేపల్లె కృష్ణా పశ్చిమ డెల్టాలోని పట్టణాలు. తెనాలి నుండి ఒక రైలుమార్గం రేపల్లెకు, మరొకటి బాపట్ల మీదుగా చెన్నైకి సాగుతుంది. పంటకాలువలూ, వియ్యాలూ ఈ ఊళ్లను మరింత దగ్గర చేశాయి. ఇక్కడి పాత ఇళ్ల అటకల మీద, ఇనుప పెట్టెలలో, ఎవరూ వాటా అడగని ఆస్తి ఒకటి ఉంటుంది. అదే పాత ఛాయాచిత్రాలు, స్లైడులు, ఫిలిం చుట్టలు.

నేటి విద్యార్థులలో స్లైడును చూసినవారు అరుదు. రెండు అంగుళాల చదరపు అట్టచట్రంలో బిగించిన చిన్న రంగుల ఫిలిం ముక్కే స్లైడు. దానిని ప్రొజెక్టరులో ఉంచి, గోడకు కట్టిన తెల్లదుప్పటి మీద వెలుగు ప్రసరింపజేస్తే బొమ్మ నిలువెత్తున కనబడేది. ఇళ్లలో చలనచిత్రం తీసుకొనేందుకు 8 మిల్లీమీటర్ల ఫిలిం 1932లోనూ, సూపర్ 8 ఫిలిం 1965లోనూ వచ్చాయి. 50 అడుగుల సూపర్ 8 చుట్టలో పట్టేది సుమారు మూడు నిమిషాల ఇరవై సెకన్ల దృశ్యం మాత్రమే. అందుచేత ఆనాటివారు ప్రతి క్షణాన్నీ ఎంచి ఎంచి చిత్రించేవారు.

ఇంత ఖరీదైన వ్యాపకం పల్లెటూళ్లకు ఎట్లా చేరింది? 1965లో అమెరికా తన వలస చట్టాన్ని సవరించింది. తరువాతి దశాబ్దాలలో డెల్టా గ్రామాల నుండి వైద్యులు, ఇంజనీర్లు అనేకులు ఆ దేశానికి తరలివెళ్లారు. సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు వారిలో కొందరు కెమెరాలు వెంటతెచ్చారు. పెళ్లిపందిళ్లు, సంక్రాంతి ముగ్గులు, గడ్డివాములు, సూర్యలంక సముద్రతీరం ఆ ఫిలిములలో నిలిచిపోయాయి. వ్యవసాయ, వైద్య కళాశాలలలో పాఠం చెప్పడానికి కూడా స్లైడులు వాడుకలో ఉండేవి.

ఈ సంపదకు మొదటి శత్రువు మన వాతావరణమే. సముద్రం దగ్గర కావడంతో గాలిలో తేమ ఎక్కువ. ఫిలిం మీది జిలాటిన్ పొర బూజుకు ఆహారమవుతుంది. అసిటేట్ ఫిలిం వేడికీ తేమకూ విచ్ఛిన్నమై పుల్లని ఘాటువాసన వేస్తుంది. క్రమంగా కుంచించుకుపోయి, వంకర తిరిగి, పెళుసుబారుతుంది. డబ్బా మూత తీయగానే ఆ వాసన తగిలిందంటే ఇక ఆలస్యం చేయరాదు. వీటికి తోడు ప్రకృతి వైపరీత్యాలు. 1977 నవంబరు 19నాటి తుపాను, ఉప్పెన దివిసీమతో పాటు రేపల్లె, బాపట్ల ప్రాంతాలనూ అతలాకుతలం చేశాయి. వేలమంది ప్రాణాలు కోల్పోయిన ఆ విపత్తులో బొమ్మల లెక్క ఎవరు చూడగలరు?

పోయినదానికీ, మిగిలినదానికీ ఉన్న తేడాను తెలుగు సినిమా చరిత్ర బోధిస్తుంది. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రతి నేడు లభ్యం కావడం లేదు. తెనాలికి చెందిన చక్రపాణి, బి. నాగిరెడ్డితో కలిసి నిర్మించిన ‘మాయాబజార్’ 1957 నాటిది. ఆ ఫిలిం నిలిచి ఉన్నందువల్లనే హైదరాబాదు సంస్థ ఒకటి దానిని డిజిటల్ రూపంలోకి మార్చి, రంగులద్ది, 2010లో మళ్లీ విడుదల చేయగలిగింది. మిగిలినదానికి యంత్రం మెరుగుపెట్టగలదు. పోయినదానిని ఏ యంత్రమూ తేలేదు.

ఇక పద్ధతి. మొదట స్లైడులను చేతికి నూలు తొడుగులు వేసుకొని, అంచులు పట్టుకొని బయటకు తీయాలి. చట్రాల మీద ఉన్న అంకెలనూ, రాతలనూ చెరపకుండా వరుస ప్రకారం పేర్చాలి. పైనున్న దుమ్మును గాలి బుడ్డితో ఊదాలి. నీటితో తుడవరాదు, బూజు పట్టిన పొర నీటికి కరిగి ఊడిపోతుంది. ఆపైన ఫిలిం స్కానరులో అంగుళానికి 4000 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే, ఒక్కొక్క స్లైడు సుమారు రెండు కోట్ల చుక్కల చిత్రంగా మారుతుంది. దానిని భద్రపరచడానికి టిఫ్ రూపంలోనూ, బంధువులకు పంపడానికి జెపెగ్ రూపంలోనూ దాచుకోవాలి.

ఫిలిం చుట్ట విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గోడమీద ఆడించి సెల్‌ఫోనుతో తీయడం తేలికగా తోచవచ్చు. కాని అట్లా తీసిన బొమ్మ మినుకుమినుకుమంటుంది. పెళుసుబారిన ఫిలిం ప్రొజెక్టరులో చిక్కుకుంటే బల్బు వేడికి కాలిపోతుంది కూడా. ఒక్కొక్క ఫ్రేమునూ విడిగా చిత్రించే యంత్రం ఉన్నచోట చేయించడమే మేలు. సూపర్ 8 ఫిలిం సాధారణంగా సెకనుకు 18 ఫ్రేముల వేగంతో తీసినది. ఆ లెక్క తప్పి వేగంగా ఆడిస్తే, తీరికగా నడిచే తాతగారు పరుగు తీస్తున్నట్లు కనబడతారు.

డిజిటల్ ప్రతి చిరంజీవి అనుకోవడం పొరపాటు. సీడీలు పాడవుతాయి, హార్డ్ డిస్కులు ఉన్నట్టుండి మొరాయిస్తాయి. కనుక మూడు ప్రతులుండాలి. అవి రెండు రకాల సాధనాలలో ఉండాలి. ఒకటి వేరే ఊరిలో ఉండాలి. అసలు ఫిలిమును పారవేయరాదు. చల్లని, పొడి చోట దాచితే రేపు మరింత మెరుగైన యంత్రం వచ్చినప్పుడు అది మళ్లీ పనికివస్తుంది.

ఇంత చేసినా సగం పనే అయినట్లు. ఒక ఇంటి ముచ్చటను ఊహించుకొందాం. రేపల్లెలో ఒక మనుమడు పాత పెళ్లి స్లైడును స్కాన్ చేసి, కంప్యూటరు తెర మీద నాయనమ్మకు చూపించాడు.

“నాయనమ్మా! పందిట్లో తాతయ్య పక్కన నిలబడ్డ ఈ కుర్రాడెవరు?”

ఆమె కళ్లజోడు సవరించుకొని చాలాసేపు చూసింది. “వాడా? మీ తాతయ్య తమ్ముడురా అబ్బాయ్! ఉప్పెన వచ్చిన ఏడు పోయాడు. గేదెల్ని విప్పదీయటానికని వెళ్లి మళ్లీ రాలేదు. వాడి బొమ్మ ఉందనే నాకు తెలియదు.”

అంతవరకు ఆ కుర్రవాడు ఒక మూల నిలబడిన రంగుల నీడ. ఒక్క మాటతో అతడు మళ్లీ ఇంటివాడయ్యాడు. ఆమె ఆ మాట చెప్పకమునుపే కన్నుమూసి ఉంటే? ఎంత స్పష్టంగా స్కాన్ చేసినా అది పేరు లేని బొమ్మగానే మిగిలేది.

ఫిలిం చెడిపోవడానికి ఏళ్లు పట్టవచ్చు. పెద్దల జ్ఞాపకం అంతకాలం ఆగదు. కాబట్టి బొమ్మలను స్కాన్ చేసేటప్పుడే ఇంటి పెద్దలను పక్కన కూర్చోబెట్టుకోవాలి. వారి మాటలను ఫోనులో రికార్డు చేయాలి. ప్రతి ఫైలుకూ ఏడు, ఊరు, మనుషుల పేర్లు, వరసలు జతచేయాలి. తెలియని చోట ఊహించి వ్రాయక ఖాళీగా వదలాలి. మరొక బంధువు దానిని పూరింపవచ్చు. రూపాన్ని యంత్రం కాపాడుతుంది. పేరును మనిషే కాపాడాలి.

పదాలు – అర్థాలు

శిథిలమగు = పాడైపోవు
వియ్యం = పెళ్లి ద్వారా ఏర్పడిన బంధుత్వం
వైపరీత్యం = విపత్తు
పెళుసుబారు = తేలికగా విరిగే స్థితికి వచ్చు
వరస = బంధుత్వపు పిలుపు

సంధులు

వాతావరణం = వాత + ఆవరణం – సవర్ణదీర్ఘ సంధి
కళాశాలలు, కళ్లజోడు, సముద్రతీరం – షష్ఠీ తత్పురుష సమాసానికి వీటిలో తగిన ఉదాహరణను గుర్తించి, విగ్రహవాక్యం వ్రాయండి.

ప్రశ్నలు

అ) సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.
1. పాత ఫిలిములు డెల్టా ప్రాంతంలో త్వరగా పాడవడానికి గల కారణాలను వివరించండి.
2. డిజిటల్ ప్రతి తయారైన తరువాత కూడా “సగం పనే అయినట్లు” అని రచయిత ఎందుకన్నారు?

ఆ) సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. “వాడి బొమ్మ ఉందనే నాకు తెలియదు.”
2. “పోయినదానిని ఏ యంత్రమూ తేలేదు.”

ఇ) ప్రాజెక్టు పని
మీ ఇంట ఉన్న అతి పాత ఛాయాచిత్రాన్ని పెద్దలకు చూపి, అందులోనివారి పేర్లు, వరసలు, తీసిన ఏడు, ఊరు అడిగి తెలుసుకొని ఒక పుటకు మించకుండా వ్రాయండి.