ఒక పత్రము, మూడు పద్దులు

ఇంటిపన్ను చెల్లించిన గృహస్థుడు రసీదు చేతబట్టుకొని వెళ్ళిపోవును. ఆ రూ. 600 మాత్రము మూడుచోట్ల పడవలెను: రసీదు పుస్తకమున, నగదు పుస్తకమున, డిమాండు రిజిస్టరులో అతని పేరిట. మూడవది మరచినచో పన్ను కట్టినవానికే బకాయి నోటీసు పోవును. అట్టి తగవులు సభ్యులెరుగనివి కావు.

కంప్యూటరుపై గుమాస్తా ఒకే పత్రమును పూరించును. మూడు పట్టికలను యంత్రమే నింపును. రెండు నిండి, మూడవది నిండకముందే విద్యుత్తు ఆగిపోయినచో? అందులకే ఆ మూడు మార్పులను ఒకే వ్యవహారముగా ముడివేయవలెను. దీనిని ట్రాన్సాక్షన్ అందురు. అమెరికా శాస్త్రజ్ఞుడు జిమ్ గ్రే 1981లో దీని లక్షణములను వివరించెను. మూడును సరిగా పడిన పిమ్మటనే ‘కమిట్’ అను ఆజ్ఞతో లెక్క స్థిరపడును. ఏ ఒక్కటి తప్పినను ‘రోల్‌బ్యాక్’ వలన అన్నియు పూర్వస్థితికి వచ్చును. సగము లెక్క మిగులదు.

అయితే గుమాస్తా 600కు బదులు 6,000 అని కొట్టినచో, యంత్రము ఆ తప్పును మూడుచోట్లను శ్రద్ధగా వ్రాయును! విద్యుత్తు తిరిగివచ్చిన పిమ్మట పత్రమును మరల పూరించుటకు ముందు, ఆ ఇంటి నంబరుపై పద్దు పడినదో లేదో చూడవలెను. లేనియెడల ఒకే పన్ను రెండుమార్లు జమ కావచ్చును. రసీదు ముద్రణము కమిట్ జరిగిన తరువాతనే అగుచున్నదా అని సభ్యులు కార్యాలయమున విచారింపవచ్చును.