కంప్యూటరు భాషను ఎన్నుకొనుట ఎట్లు?

హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తలిదండ్రులలో కొందరు, కంప్యూటరు నేర్వవలెనన్న తెలుగు మాధ్యమము పనికిరాదని తలంచుచున్నారు. మరికొందరు "ఏ భాష నేర్పించవలెను?" అని పేరు మాత్రమే అడుగుదురు. పేరొక్కటే చాలదు. ఆ భాషలో వ్రాయుటకును, తప్పులు దిద్దుటకును, నడిపి చూచుటకును వలయు సాధనముల కూర్పును గూడ చూడవలెను. అది మన యంత్రమునకు తగినదా? పిల్లవాని బుద్ధికి అందునదా?

నేటి భాషలలో పెక్కు వస్తుప్రధానమైనవి. ఈ మాట తెలియుటకు కృష్ణగిరి మామిడి మండీని తలచుకొనుడు. ప్రతి బుట్టకును రకము, తూకము, ధర అను వివరములు గలవు. పాత పద్ధతిలో వివరములొకచోట, లెక్కకట్టు విధానము వేరొకచోట నుండును. క్రొత్త పద్ధతిలో బుట్టయే ఒక వస్తువు; వెల కట్టు నేర్పు దానియందే యుండును. "నీ వెల చెప్పుము" అనిన అదియే చెప్పును. బుట్టలన్నిటికి మూలమైన నమూనాను 'క్లాసు' అందురు. (తరగతి యనిన బడి తరగతి యని పొరబడుదురు గనుక మేము 'జాతి' యందుము.) మామిడి జాతినుండి తోటాపురి జాతిని పుట్టించినచో తల్లి గుణములన్నియు దానికి వచ్చును, గుజ్జు కర్మాగారపు ధర మాత్రము క్రొత్తగా చేర్చిన చాలును.

ఈ పద్ధతికి 1967లో నార్వే దేశీయులైన డాల్, నైగార్డ్ అనువారి సిమ్యులా 67 భాషలో బీజము పడినది. అమెరికాలో జిరాక్స్ పరిశోధనాలయమున అలన్ కే బృందము 1972 మొదలు స్మాల్‌టాక్ భాషను పెంపొందించి, దానిని బాలబాలికలచేత వాడించి చూచెను. పిల్లలకొరకు తలపెట్టిన ఆ భాష నడచిన యంత్రములు మాత్రము సామాన్యుల ఇండ్లకు అందునవి కావు.

1984లో మన దేశమున 'క్లాస్' పథకము క్రింద బడులకు బి.బి.సి. మైక్రో యంత్రములు వచ్చెను. బి రకపు యంత్రమున జ్ఞాపకస్థలము 32 కిలోబైట్లే. బేసిక్ చక్కగా నడచెను, స్మాల్‌టాక్‌కు చోటెక్కడిది? ఐ.బి.యం. పర్సనల్ కంప్యూటరునందును డాస్ క్రింద నేరుగా దొరకునది 640 కిలోబైట్లే. అట్టి యంత్రము గలవారికి ఆ దశాబ్దపు చివర మూడు దారులు ముఖ్యముగా నుండెను. 1986లో వచ్చిన డిజిటాక్ సంస్థవారి స్మాల్‌టాక్/వి యందు సమస్తమును వస్తువే. నడచుచుండగనే లోపల చూడవచ్చును. అయితే వేగము తక్కువ. బోర్లాండ్ సంస్థవారి టర్బో పాస్కల్ 5.5 (1989) పాస్కల్ తెలిసినవారికి సులువు. వారిదే టర్బో సి ప్లస్ ప్లస్ (1990) మిక్కిలి వేగము గలది. సి భాష అప్పటికే వ్యాపించియుండుటచే మన కళాశాలలు ఈ మూడవదానినే పట్టుకొనెను; డాస్ మరుగుపడిన పిమ్మటను చాలకాలము విడువలేదు. అది యంత్రమునకు తగినదే. పసివానికి మాత్రము వస్తువు కన్న ముందు చుక్కలు, కుండలీకరణములే కనబడును!

మన రాష్ట్రపు పదవ తరగతి విజ్ఞానశాస్త్ర గ్రంథమున స్క్రాచ్ పాఠము కలదు. 2007లో వెలువడిన ఈ సాధనపు తొలి రూపములు స్మాల్‌టాక్ సంతతియగు స్క్వీక్‌పై కట్టబడినవి. ఇందు ప్రతి బొమ్మకును తన ఆజ్ఞలు తనకుండును. బొమ్మలు ఒకదానికొకటి సందేశములు పంపుకొనును. జాతినుండి జాతిని పుట్టించు వీలు లేదు గాని, మొదటి మెట్టునకు అది లోపము కాదు. వెల లేదు, ఒకసారి యంత్రమున నిలిపినచో ఇంటర్నెట్టును అక్కరలేదు. వేల రూపాయల శిక్షణకన్న ముందు దీనిని చూపుడని మా సలహా.

2019 నుండి పన్నెండవ తరగతిలో పైథాన్ ఉన్నది. టర్బో సి ప్లస్ ప్లస్‌లో తెలుగు లిపితో పేరు పెట్టుట సాధ్యము కాదు. 2008లో వచ్చిన పైథాన్ 3లో "ధర = 25" అని వ్రాసిన యంత్రము గ్రహించును. ఆజ్ఞాపదములు ఇంగ్లీషువే, అవి కొలదియే. తక్కిన ఆలోచన తెలుగున సాగవచ్చును.

పదవ తరగతివారు ప్రయత్నింపవలసినది: స్క్రాచ్‌లో బుట్ట బొమ్మను గీచి, దానికి తూకము, ధర అను రెండు పేర్లను తెలుగుననే పెట్టుడు. తూకము 18 కిలోలు, ధర 25 రూపాయలు అయినపుడు బుట్టను నొక్కిన అది 450 అని పలుకవలెను.