చైనా వీసా కోసం ఎన్నాళ్లని ఎదురుచూడాలి?

సమస్య – సలహా, మే 2022



నాకు ఇరవై ఒక్కేళ్లు. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. నాన్న ఆర్టీసీలో కండక్టరు. 2019 నీట్‌లో అర్హత మార్కులైతే వచ్చాయి గానీ ప్రభుత్వ సీటు వచ్చేంత రాలేదు. ప్రైవేటులో చదివించే స్తోమత మాకు లేదు. ఒక ఏజెంటు మాట నమ్మి నాన్న అరెకరం అమ్మి, చాలనిది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, ఆ సెప్టెంబరులో నన్ను చైనాలో ఎంబీబీఎస్‌లో చేర్పించారు. మా కాలేజీ జియాంగ్సు ప్రావిన్సులో.

2020 జనవరిలో వాళ్ల కొత్త సంవత్సరం సెలవులకని ఇంటికొచ్చాను. నెలలో తిరిగి వెళ్లిపోతాను కదా అని ఒక్క ట్రాలీ బ్యాగుతో వచ్చేశాను. పుస్తకాలు, దుప్పట్లు, రైస్ కుక్కర్, తెల్ల కోటు అన్నీ హాస్టల్ గదిలోనే ఉండిపోయాయి. కరోనా వల్ల మార్చి 28 నుంచి విదేశీయులను రానివ్వబోమని చైనా ప్రకటించింది. అప్పటినుంచి చదువంతా ఫోన్లోనే. అక్కడ ఎనిమిది గంటల క్లాసంటే మనకు తెల్లవారుజామున ఐదున్నర. నాన్న మొదటి బస్సు డ్యూటీకి లేచే వేళకే నేనూ లేచి, డాబా మీద సిగ్నల్ అందే మూలకు వెళ్లి కూర్చుంటాను. అనాటమీకి డిసెక్షన్ వీడియో పెడతారు. కోసేటప్పుడు మేష్టారి చెయ్యి అడ్డం వస్తే ఏది కండరమో ఏది నరమో తెలియదు. 2020 జూన్‌లో మన ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు వీచాట్ కూడా పోయింది. మా కాలేజీ నోటీసులన్నీ దాంట్లోనే వచ్చేవి. కొన్నాళ్లు పరీక్ష తేదీలు కూడా ఎవరో ఒకరు ఫోన్ చేసి చెబితేనే తెలిసేవి.

ఇప్పుడు మూడో ఏడు అయిపోవస్తోంది. ఇంతవరకు ఒక్క రోగి నాడి పట్టుకుని చూడలేదు. ఊళ్లో పెద్దవాళ్లు రిపోర్టులు పట్టుకొచ్చి “డాక్టరమ్మా, కాస్త చూడు” అంటే కాళ్లూ చేతులూ ఆడవు. ఎదురైన ప్రతివాళ్లూ “ఇంకా వెళ్లలేదా?” అనే అడుగుతారు. పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడం మానేశాను.

ఆ ఏజెంటే మళ్లీ ఫోన్ చేస్తున్నాడు. ఈ మూడేళ్లనూ లెక్కలోకి తీసుకునేట్టు మాట్లాడి కిర్గిజ్‌స్తాన్‌లో నేరుగా నాలుగో ఏట చేర్పిస్తానని, ముందు నాలుగు లక్షలు కట్టమని అంటున్నాడు. ఇంకోపక్క పెదనాన్న సంబంధం తెచ్చారు. అబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పెళ్లయ్యాక చదివించుకుంటామని వాళ్లు అంటున్నారట. నాన్న ఏమీ అనరు. రాత్రిళ్లు వడ్డీ లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంటారు. బీజింగ్‌లోని మన ఎంబసీ ఇచ్చిన ఫారం నింపాను, ఇంకా జవాబు లేదు. ఉక్రెయిన్ యుద్ధం వల్ల తిరిగొచ్చిన పిల్లల గురించి టీవీల్లో రోజూ చెప్పారు. మేమున్నామన్న సంగతే ఎవరికీ గుర్తులేదు. నేనిప్పుడు ఎదురుచూడాలా, కిర్గిజ్‌స్తాన్ వెళ్లాలా, మళ్లీ నీట్ రాయాలా, అన్నీ వదిలేసి పెళ్లి చేసుకోవాలా? దయచేసి చెప్పండి.

– పేరు ప్రచురించవద్దు, పల్నాడు జిల్లా

సలహా

అమ్మా, ముందు ఆ ఏజెంటు సంగతి తేల్చుకుందాం. అతనికి నాన్నగారిని ఒక్క రూపాయి కూడా కట్టనివ్వకు.

నువ్వు 2019లో చేరావు. నేషనల్ మెడికల్ కమిషన్ కొత్త నిబంధనలు వచ్చింది 2021 నవంబరు 18న. అంతకుముందు చేరినవాళ్లకు 2002 నాటి స్క్రీనింగ్ టెస్ట్ నిబంధనలే వర్తిస్తాయి. కోర్సు మొత్తం విదేశంలోని ఒకే సంస్థలో చదవాలని వాటిలోనే ఉంది. కొత్త నిబంధనలైతే ఇంకా గట్టివి: 54 నెలల చదువు, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్, రెండూ ఒకే విదేశీ సంస్థలో పూర్తిచెయ్యాలి. మూడేళ్లు చైనాలో, రెండేళ్లు కిర్గిజ్‌స్తాన్‌లో చదివి పట్టా తెచ్చుకుంటే, విదేశీ పట్టా ఉన్నవాళ్లు ఇక్కడ రాయాల్సిన స్క్రీనింగ్ టెస్ట్ ఎఫ్‌ఎంజీఈ రాయడానికే అర్హత లేదనిపించుకునే ప్రమాదం ఉంది. అలాంటి బదిలీ చెల్లుతుందని కమిషన్ రాసిచ్చిన కాగితం చూపించమని అతన్ని అడుగు. కాలేజీ కాగితమో కన్సల్టెన్సీ కాగితమో చూపిస్తే ఒప్పుకోకు. కమిషన్‌ది కావాలి.

ఇక వీసా. దీనిమీద నీకు మాట ఇవ్వగల స్థితిలో ఎవరూ లేరు, నేనూ లేను. ఇన్నాళ్లూ మూసుకుపోయిన తలుపు కాస్త కదిలిందని మాత్రం చెప్పగలను. మార్చి 25న ఢిల్లీలో చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీని కలిసినప్పుడు మన మంత్రి జైశంకర్ విద్యార్థుల విషయం గట్టిగా ఎత్తారు. ఏప్రిల్ 29న మన ఎంబసీ, తిరిగి వెళ్లాల్సిన విద్యార్థుల వివరాలను మే 8లోగా పంపమంది. నువ్వు నింపింది ఆ ఫారమే. చైనాలో చదువుతున్న మనవాళ్లు 23 వేలకు పైనే ఉన్నారు. ఆ జాబితా అంతా చైనా వాళ్లకు చేరి, అవసరాన్ని బట్టి ఒక్కొక్కరినీ పరిశీలించాలంటే కొన్ని నెలలు పడుతుంది. జవాబు రాలేదంటే కాదన్నారని అనుకోకు.

అయితే వీసా కన్నా నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది నీ ఉత్తరంలోని ఇంకో మాట, ఒక్క రోగి నాడి పట్టుకోలేదన్న మాట. ఆన్‌లైన్‌లో మాత్రమే చదివిన వైద్యవిద్యను గుర్తించబోమని కమిషన్ ఫిబ్రవరి 8నే నోటీసు ఇచ్చింది. ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు కూడా, చివరి సెమిస్టర్లు ఆన్‌లైన్‌లో ముగించి పట్టా పొందినవాళ్ల కేసులో, ప్రాక్టికల్ శిక్షణ లేకుండా డాక్టరు కావడం కుదరదని తేల్చింది. అలాంటివాళ్లకు ఇక్కడే శిక్షణ ఇచ్చే పథకం రెండు నెలల్లో తయారుచెయ్యమని కమిషన్‌ను ఆదేశించింది. కోర్టుది పిల్లల మీద కోపంతో అన్న మాట కాదు. రేపు నీ చేతుల్లోకి వచ్చే రోగి పక్షాన అన్న మాట, నాకది న్యాయంగానే తోచింది.

నీ విషయంలో ధైర్యపడాల్సింది కూడా ఇక్కడే ఉంది. నీకంటే రెండేళ్లు ముందు చేరినవాళ్లు వార్డుల్లో గడపాల్సిన కాలమంతా ఫోన్ల ముందే గడిపేశారు. నువ్వు ఇంతవరకు ఎక్కువగా పోగొట్టుకున్నది ల్యాబులు, డిసెక్షన్. అవి చిన్న నష్టమని అనను. కానీ అసలు వార్డు చదువు నీకింకా ముందుంది. కాబట్టి ఒక్కటి గట్టిగా అనుకో: ఆ వార్డు చదువును కూడా ఆన్‌లైన్‌లో ముగించి పాసైపోయాననిపించుకోను అని. సెప్టెంబరులో నాలుగో ఏడు మొదలవుతుంది. అప్పటికి వెళ్లలేకపోతే చదువును కొంతకాలం నిలిపి ఉంచే వీలుందా, ఉంటే ఎన్నాళ్లు, ఆ కాలానికి ఫీజు ఎంత అని కాలేజీకి ఇప్పుడే మెయిల్ రాయి. ఫోన్లో అడగవద్దు. జవాబు రాతలో ఉండాలి.

ఇలా ఎదురుచూడటం డిసెంబరు ఆఖరుదాకానే. ఆనాటికీ దారి తెరుచుకోకపోతే మీ ఇంట్లో అందరూ కూర్చుని, చదువు నిలిపి ఉంచడమా, వేరే కోర్సులో చేరడమా అన్నది తేల్చుకోండి. గడువు పెట్టుకోకుండా ఎదురుచూస్తే మనిషి లోలోపలే కుంగిపోతుంది. నీకు ఇప్పటికే అలా జరుగుతోందని నీ ఉత్తరం చదివితే తెలుస్తోంది.

ఈలోగా రోజుకు రెండు గంటలు ఒక ఆసుపత్రిలో ఉండు. దగ్గర్లోని ఏరియా ఆసుపత్రి సూపరింటెండెంటునో, తెలిసిన డాక్టరుగారినో అడిగి ఓపీలో ఒక పక్కన కూర్చోనివ్వమను. “ఎప్పటినుంచి నొప్పి?” అని అడిగితే మన పల్లె రోగి నేరుగా చెప్పడు, “మొన్న తిరపతి పోయొచ్చాక” అంటాడు. దాంట్లోంచి డాక్టరు రోజులు లెక్కకట్టడం చూడు. బీపీ పట్టీ చేతికి ఎక్కడ చుడుతున్నారో, కామెర్లున్నాయని కంటిలో ఎలా చూస్తున్నారో చూడు. దీనికిచ్చే సర్టిఫికెట్టు ఏదీ కమిషన్ దగ్గర పనికిరాదు, డబ్బులకు అలాంటిది ఇస్తామంటే తీసుకోకు. మందు రాయడం, సూది వెయ్యడం అసలే వద్దు. చట్టం ఒప్పుకోదు, నీ భవిష్యత్తుకే ముప్పు. రిపోర్టులు తెచ్చేవాళ్లతో “ఇంకా చదువుతున్నానండీ, డాక్టరుగారికే చూపించుకోండి” అని మామూలుగా చెప్పెయ్యి. ఎఫ్‌ఎంజీఈ 300 మార్కులకు ఉంటుంది, 150 వస్తే గట్టెక్కినట్టు. అనాటమీ, ఫిజియాలజీ, పాథాలజీ, ఫార్మకాలజీ ఇప్పటినుంచే దానికోసమని చదువు.

మళ్లీ నీట్ అంటావా, ప్రభుత్వ సీటు వచ్చేంత తయారీ ఉందని నీ మనసు చెబితేనే రాయి. ప్రైవేటులో బి కేటగిరీ (మేనేజ్‌మెంట్) సీటుకు ఏడాదికి పది లక్షల పైమాటే.

నాన్నగారి మౌనం గురించి రాశావు. ఆయన నీ మీద కోపంగా ఉన్నారని అనుకుంటున్నావేమో. అరెకరం అమ్మింది తనే, ఏజెంటును నమ్మిందీ తనే. నీ ముఖం చూడటానికి ఆయనకే కష్టంగా ఉండి ఉంటుంది. ఆ లెక్కల పుస్తకం దగ్గరే వెళ్లి కూర్చో. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. ఇలా సాగితే చదువుకైన ఖర్చును వడ్డీయే మించిపోతుంది. ఆర్టీసీ ఉద్యోగులకు సహకార పరపతి సంఘం ఉంది. బయటి వడ్డీతో పోలిస్తే దాని వడ్డీ చాలా తక్కువ. అక్కడ అప్పు తీసుకుని ఇది తీర్చే వీలుందేమో ఆయన్ను అడుగు. వీసా నీ చేతిలో లేదు, ఈ వడ్డీ మాత్రం మీ చేతుల్లోనే ఉంది. ఆ మాటతో మొదలుపెడితే మిగతా మాటలు అవే వస్తాయి.

పెళ్లి సంగతి చివరికి ఎందుకు వదిలానంటే, అది ఈ సమస్యకు సంబంధించినదే కాదు. అబ్బాయి నచ్చితే, నీకు చేసుకోవాలని ఉంటే, ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఊళ్లోవాళ్లకు ముఖం చూపలేక చేసుకోకు. “చదివించుకుంటాం” అన్నవాళ్లను, వీసా వస్తే రెండు మూడేళ్లు చైనాలో ఉండటానికి ఒప్పుకుంటారా, ఆ ఫీజు ఎవరు కడతారు అని పెదనాన్నగారి ఎదుటే అడిగించు. పెదనాన్నగారి మంచితనం మీద నాకు అనుమానం లేదు. కానీ ఈ రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు రాకపోతే ఆ సంబంధం వదులుకోవడమే మంచిది.

కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకో: 2019 నీట్ స్కోరు కార్డు, అడ్మిషన్ లెటరు, ప్రతి ఫీజు రసీదు, సెమిస్టరు మార్కులు, పాత వీసా, టీకా సర్టిఫికెట్టు, మొన్న నింపిన ఫారం ప్రతి. పాస్‌పోర్టు గడువు దగ్గరపడితే ఇప్పుడే రెన్యూ చేయించుకో. పిలుపు వచ్చిన రోజున వారం టైమే ఇవ్వవచ్చు.

ఇది చదువుతున్న పెద్దలకు ఒక మనవి. చైనాలో సీటు తీసుకుని ఇంట్లో కూర్చున్న పిల్లలు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. ఎదురైనప్పుడు “ఎప్పుడు వెళ్తున్నావు?” అని మాత్రం అడగకండి. ఆ జవాబు వాళ్ల దగ్గర లేదు.