బలము – పీడనము: ఒక స్ప్రింగు, ఒక ఇటుక చెప్పు పాఠము



ఒకే పదమునకు లోకవ్యవహారమున ఒక అర్థము, శాస్త్రమున మరియొక అర్థము ఉండుట సహజము. తెలుగున "బలము" అన్నచో దేహబలము, ధనబలము, జనబలము అన్నియు స్ఫురించును. ఉర్దూలోని "ఖువ్వత్" అను పదమునకును ఇదే స్థితి. "ఒత్తిడి" అన్నను, "దబావ్" అన్నను, పనిభారము మొదలుకొని పెద్దల బలవంతము వరకు పలు భావములు తోచును. భౌతికశాస్త్రమునకు ఈ స్వేచ్ఛ లేదు. అచట బలము వేరు, పీడనము వేరు. ఈ భేదమును గ్రహింపని విద్యార్థి సూత్రమును కంఠస్థము చేసినను లెక్కలో తడబడును. భాషాబోధకుడనైన నేను ఈ విషయమును చేపట్టుటకు కారణమిదే. ఇందలి చిక్కులో సగము గణితమునకు సంబంధించినది కాదు, పదములకు సంబంధించినది.

స్ప్రింగు సాగుదల

స్ప్రింగును ఉర్దూలో "కమానీ" అందురు. విల్లు అను అర్థముగల "కమాన్" నుండి ఆ పదము పుట్టినది. వింటిని వంచి విడిచినచో అది పూర్వరూపమును పొందును. స్ప్రింగు స్వభావమును అదియే. ఈ గుణమునకే స్థితిస్థాపకత అని పేరు.

10 సెంటీమీటర్ల పొడవుగల ఒక స్ప్రింగును కొక్కెమునకు తగిలించి, క్రింది కొనకు 100 గ్రాముల తూనికరాయి కట్టితిమనుకొనుడు. పొడవు 12 సెంటీమీటర్లయినది. 200 గ్రాములకు 14, 300 గ్రాములకు 16 సెంటీమీటర్లు అగును. ఇచట పలువురు పొరబడు స్థలమొకటి కలదు. భారము రెట్టింపయినపుడు పొడవు రెట్టింపు కాలేదు; 12 నుండి 14కు మాత్రమే పెరిగినది. రెట్టింపయినది సాగుదల: 2, 4, 6 సెంటీమీటర్లు. కావున మొత్తము పొడవునుండి మొదటి పొడవును తీసివేసిన పిదపనే లెక్క ప్రారంభింపవలెను. 100 గ్రాముల రాయి భారము సుమారు 1 న్యూటను; సాగుదల 0.02 మీటరు. మొదటిదానిని రెండవదానిచే భాగింపగా మీటరునకు 50 న్యూటన్లు వచ్చును. ఇది ఆ స్ప్రింగు యొక్క స్థిరాంకము.

ఈ నియమమును కనుగొన్నవాడు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్. 1676లో దీనిని 14 లాటిను అక్షరములను తారుమారు చేసి ఒక ప్రహేళికగా ప్రకటించి, 1678లో దాని అర్థమును విప్పిచెప్పెను. అయితే ఈ నియమమునకు ఒక హద్దు కలదు. స్థితిస్థాపక అవధి దాటునట్లు లాగినచో స్ప్రింగు మరల మొదటి పొడవునకు రాదు, నియమమును వర్తింపదు.

ఇటుక పరీక్ష

ఇక పీడనమును గూర్చి విచారింతము. 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 మందముగల ఇటుక నొకదానిని తీసికొనుడు. దాని ద్రవ్యరాశి 2 కిలోగ్రాములు, అనగా భారము సుమారు 20 న్యూటన్లు అనుకొందము. దానిని తడియిసుకపై వెడల్పుగా పరుండబెట్టినచో కొద్దిగా మాత్రమే దిగబడును. నిలువుగా నిలిపినచో మరింత లోతుగా దిగబడును. ఏల? పరుండబెట్టినపుడు 20 న్యూటన్ల భారము 0.02 చదరపు మీటరుపై పరచుకొనును. పీడనము 1,000 పాస్కలులు. నిలిపినపుడు అదే భారము 0.005 చదరపు మీటరుపై నిలుచును. పీడనము 4,000 పాస్కలులు.

ఇపుడదే ఇటుకను స్ప్రింగుకాటా పళ్ళెముపై పరుండబెట్టి ఒకసారి, నిలిపి ఒకసారి తూచుడు. ముల్లు రెండుసార్లును ఒకేచోట నిలుచును. ఇసుక భేదమును చూపినది, స్ప్రింగు చూపలేదు! ఈ పాఠమునకు ఇదియే గుండెకాయ. స్ప్రింగు తనపై పడు మొత్తము బలమును ఎరుగును గాని, అది ఎంత వైశాల్యముపై పడినదో ఎరుగదు. ఇసుక లోతు వైశాల్యమును బట్టి మారును. బలము మారకయే పీడనము మారగలదు.

స్ప్రింగుతో పీడనమును కొలుచుట

అట్లయిన స్ప్రింగుతో పీడనమును కొలువలేమా? కొలువగలము. వైశాల్యమును ముందుగానే స్థిరపరచిన చాలును. చక్రములలోని గాలిని పరీక్షించు జేబు మాపకములో జరుగునది ఇదియే. అందొక చిన్న ముషలకము, దాని వెనుక ఒక స్ప్రింగు ఉండును. ముషలకపు వైశాల్యము అర చదరపు సెంటీమీటరు, చక్రములోని గాలి పీడనము బయటి గాలికన్న 2,00,000 పాస్కలులు అధికము అనుకొందము. అపుడు స్ప్రింగుపై పడు బలము 10 న్యూటన్లు. స్ప్రింగు స్థిరాంకము మీటరునకు 500 న్యూటన్లయినచో అది 2 సెంటీమీటర్లు కుదించుకొనును. స్ప్రింగు కొలిచినది బలమునే. వైశాల్యము తెలిసినందున మనము దానిని పీడనముగా చదువుచున్నాము.

గాలికిని స్ప్రింగు గుణము కలదని రాబర్ట్ బాయిల్ 1660లో ఒక గ్రంథమున వివరించెను. ఆయన ప్రయోగములకు గాలిపంపును నిర్మించి ఇచ్చినవాడు ఈ హుక్ మహాశయుడే! ఉష్ణోగ్రత మారనంతవరకు గాలి ఘనపరిమాణమును సగము చేసినచో పీడనము రెట్టింపగునను బాయిల్ నియమము 1662లో వెలువడినది. సూదిలేని సిరంజి మూతిని వ్రేలితో మూసి నొక్కి చూడుడు. లోపలి గాలి స్ప్రింగువలె ఎదురుతన్నుట మీకే తెలియును.

విన్నపము

1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో ఉన్నతవిద్యను బోధించినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగున శాస్త్రగ్రంథములను వెలువరించినది. మన రెండు భాషలకును శాస్త్రమును మోయు శక్తి కలదు. ఉర్దూలో చదివినను, తెలుగులో చదివినను, పదము వెనుకనున్న వస్తువును కంట చూచిన విద్యార్థి మాధ్యమము మారినపుడు వెనుకబడడు. చూడనివాడు ఏ భాషలోనైనను వల్లెవేయుచునే యుండును.

కావున కళాశాల సంఘమువారికి ఒక విన్నపము. నాలుగు స్ప్రింగులు, తూనికరాళ్ళు, ఒక పళ్ళెమునిండ ఇసుక, రెండిటుకలు: వీనికి అగు వ్యయము స్వల్పము. ప్రతి విద్యార్థియు వీనిని స్వహస్తములతో తాకి కొలుచు అవకాశమును కల్పింప ప్రార్థన. విద్యార్థులారా, సూత్రమును వ్రాయుటకు ముందు మిమ్ము మీరే ఒక ప్రశ్న అడుగుకొనుడు: "ఇచట అడిగినది మొత్తము బలమా, చదరపు మీటరునకు వచ్చు బలమా?" ఆ ప్రశ్నకు సమాధానము దొరికినచో తక్కినది కూడిక, భాగహారములే.