వ్యవసాయదారునకు వ్యాపార నిర్వహణ విద్య

పైరు పండించుట ఒక విద్య. పండినదానిని విక్రయించి, అప్పు తీర్చి, మిగులు తెలిసికొనుట మఱియొక విద్య. మొదటిది మనకు తాతతండ్రుల నుండి సంక్రమించినది. రెండవదానిని మనలో అనేకులు వర్తకునికే విడిచిపెట్టి యున్నారు. ప్రొద్దుటూరు ప్రాంతపు పత్తి, జమ్మలమడుగు నల్లరేగడి సెనగ, పులివెందుల అరటి, చీనీ — ఇవన్నియు ముఖ్యముగా అంగడికై పండించు పంటలు. అంగడికి పండించువాడు అంగడి లెక్క నెఱుగనిచో ఆ లెక్కను వేఱొకడు వ్రాయును. కావున వ్యాపార నిర్వహణ మనగా నేమో, అది మన కెట్లు ఉపయోగించునో ఈ పాఠమున వివరించుచున్నాము.

నిర్వహణ మనగా నేమి?

ఇందు నాలుగు పనులు కలవు: ముందుగా యోచించుట, పనిని పంచుట, నడపించుట, తుదకు లెక్క సరిచూచుట. విత్తనము, కూలీలు, నీటివంతు — వీనిని సమకూర్చుకొను ప్రతి రైతును మొదటి మూడింటిని చేయుచునే యున్నాడు. నాలుగవదియే లోపించుచున్నది.

సెనగలు నిలువ చేయుట లాభమా?

ఉదాహరణమునకు ఒక రైతు వద్ద 20 క్వింటాళ్ల సెనగలున్నవి. కళ్లములో ధర క్వింటాలునకు 6,000 రూపాయలు అనుకొందము. ఇప్పుడే విక్రయించినచో 1,20,000 వచ్చును. ధర పెరుగునను ఆశతో నాలుగు నెలలు గిడ్డంగిలో నుంచినచో ఖర్చు ఇట్లుండును:

నూటికి నెలకు రూపాయి చొప్పున వడ్డీ — 4,800
40 బస్తాలకు, బస్తాకు నెలకు 8 రూపాయల చొప్పున అద్దె — 1,280
హమాలి, బండి కూలి — 720
ఆరుదల వలన తరుగు 20 కిలోలు — 1,200
మొత్తము — 8,000

అనగా క్వింటాలునకు 400 రూపాయలు. ధర సుమారు 6,400 దాటిననే గాని లాభము లేదు. 6,300కు అమ్మినవాడు 300 లాభించితినని సంతోషించును. నిజమునకు క్వింటాలునకు 100 చొప్పున 2,000 రూపాయలు నష్టపోయినాడు. అప్పు లేని రైతును వడ్డీని లెక్కింపవలసినదే. ఏలన, ఆ సొమ్ము డిపాజిటుగా నుండినచో వడ్డీ తెచ్చియుండును. నిలువ చేయవలదని మా తాత్పర్యము కాదు. లెక్క వేసి నిలువ చేయవలయునని మాత్రమే.

సంఘపు లెక్క

ఈ చూపునే సంఘముపైనను నిలుపవలయును. సంఘము 5 లక్షల మిగులు చూపినదనుకొందము. అందు 4 లక్షలు ఇంకను వసూలు కాని వడ్డీయైనచో, చేతికి వచ్చినది ఒక లక్షయే. కావున సర్వసభ్య సమావేశమున చేయి యెత్తుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగుడు: గడువు మీఱిన బాకీ యెంత? దానిపై వడ్డీకి తగిన కేటాయింపు చేసిరా? రోకడ పుస్తకపు నిలువయు, పెట్టెలోని నగదును సరిపోయినవా? ప్రాథమిక సంఘముల లెక్కలను కంప్యూటరులోనికి మార్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2022లో ఆమోదించినది. మంచిదే; కాని యంత్రము కూడికలో తప్పదు గాని, అబద్ధపు పద్దును నిజము చేయజాలదు. ఆ కాపలా సభ్యునిదే.

ఈ విద్య ఎక్కడ లభించును?

1844లో ఇంగ్లండునందలి రాచ్‌డేల్‌లో 28 మంది సహకార దుకాణము స్థాపించిరి. కొలది కాలమునకే తమ మిగులులో నూటికి రెండున్నర వంతు విద్యకు కేటాయించిరి. మన దేశమున గ్రామీణ నిర్వహణకై 1979లో ఆనందునందు స్థాపింపబడిన సంస్థ, 2025లో పార్లమెంటు చట్టముచే త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయమైనది. అమెరికాలో 1901లో జోలియట్‌లో ఆరంభమైన కళాశాల వంటివి, ఇంటికి దగ్గఱగా, తక్కువ వ్యయముతో, పనివారలకు సైతము వ్యాపారవిద్య నేర్పుచున్నవి. వానినే కమ్యూనిటీ కళాశాలలందురు. పుదుచ్చేరి విశ్వవిద్యాలయము 1995లో అట్టిదానిని నెలకొల్పినది. మన జిల్లాలో 2006లో ఏర్పడిన యోగివేమన విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన డిగ్రీ కళాశాలలలో వాణిజ్యశాస్త్రము బోధింపబడుచున్నది.

చదివిన పిల్లలు బెంగుళూరు పోవుదురు గదా యని కొందఱందురు. పోవచ్చును; అది దోషము కాదు. అయినను సెలవులకు వచ్చిన కుమారునిచేతనో కుమార్తెచేతనో ఇంటి చిట్టాను, సంఘపు ఆస్తి అప్పుల పట్టీని చదివించి వినుడు. వారి చదువునకు మన యనుభవము తోడైనచో ఉభయులకును లాభము.

అభ్యాసము: పై లెక్కలో వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలైనచో, ఏ ధర దాటిన లాభము కలుగును? ఇంటిలో కూర్చుండి వేసి చూడుడు. 6,640 వచ్చినచో ఈ పాఠము మీకు పట్టుబడినట్లే.